పొలమారితే నెత్తిన తట్టి ఊరుకోకండి



పెనుకొండ దగ్గరి ఒక పల్లె నుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరం ఈ నెల నా ముందుంది. ఆమె మామగారికి పక్షవాతం వచ్చి నలభై రోజులైంది. కుడి చెయ్యి, కుడి కాలు కొంత స్వాధీనంలోకి వచ్చాయి. మాట ముద్దముద్దగానైనా వస్తోంది. తిండి దగ్గర మాత్రం రోజూ అవస్థే. రెండు ముద్దలు తినేసరికి పొరబోతుంది. కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. దగ్గి దగ్గి అలసిపోతారు. నీళ్లు తాగించినా అంతే. ఈ మధ్య రెండుసార్లు జ్వరం వచ్చి తగ్గింది. ఇప్పుడు కంచం చూస్తేనే మొహం పక్కకు తిప్పుకుంటున్నారు. "జీవితమంతా సంగటి తిన్న మనిషి ఇప్పుడు మొండికేస్తున్నాడని ఇంట్లోవాళ్లు కోప్పడుతున్నారక్కా. ఆకలి పుట్టే టానిక్ ఏదైనా ఉంటే వ్రాయండి" అని అడిగారు.

చెల్లీ, మీ మామగారికి కావలసింది టానిక్ కాదు. ఆయన మొండికేయడం లేదు, భయపడుతున్నారు. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఊపిరి ఆగిపోతుందేమోనని ఆయన భయం. ఆ భయం అబద్ధం కాదు. అందుచేత ఈ నెల ఈ శీర్షికంతా మీ ఉత్తరానికి జవాబుగానే వ్రాస్తున్నాను. పక్షవాతం వచ్చినవారు లేని పల్లె ఈ రోజుల్లో లేదు గనుక మిగిలిన చదువరులకు కూడా ఇది పనికి వస్తుంది.

మా ఇంట జరిగినది

భోజనం చేస్తూ ఉండగా మెతుకు అడ్డం పడితే కొందరు పొలమారిందంటారు, మన వైపు పొరబోయిందంటారు. వెంటనే పక్కనున్నవారు నెత్తిన తట్టి, "నిన్నెవరో తలుచుకుంటున్నారు" అంటారు. ఇది మన ఇళ్లలో తరతరాల మాట. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఎప్పుడో ఒకసారి పొలమారితే ఆ మాట అనుకుని నవ్వుకోవచ్చు. నష్టం లేదు. రోగికి ప్రతిపూటా పొలమారుతుంటే మాత్రం ఎవరూ తలుచుకోవడం లేదు. ప్రమాదం తలుపు తడుతోందన్నమాట.

మా నాయన ధర్మవరంలో మగ్గం నేసేవారు. నేను నర్సు శిక్షణలో ఉన్న రోజుల్లో ఆయనకు పక్షవాతం వచ్చింది. సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. నులక మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం ఎత్తి, గ్లాసుతో గంజి పోసేవాళ్లం. దగ్గు వచ్చేది. మా జేజి నెత్తిన తట్టి, "మీ అన్న తలుచుకుంటున్నాడేమోరా" అనేది. నాలుగు రోజులయ్యాక దగ్గు తగ్గింది. గొంతు మాత్రం గురగురమనేది. దగ్గు తగ్గింది గదా అని మేము సంతోషించాము. తర్వాత జ్వరం, ఆయాసం వచ్చాయి. ఊపిరితిత్తులకు నిమ్ము చేరిందన్నారు. నాయన మాకు దక్కలేదు.

దగ్గు తగ్గడం మంచి గుర్తు కాదని, దగ్గే శక్తి పోయిందని నాకు చాలా సంవత్సరాల తర్వాత తెలిసింది. ఆయన ఎందుకు పోయారో దేవునికే ఎరుక. అయితే మేము ప్రేమతో తినిపించిన ఆ పద్ధతి తప్పని మాత్రం ఇప్పుడు నాకు బాగా తెలుసు. ఆ తప్పు మీ ఇంట జరగకూడదనే ఇది వ్రాస్తున్నాను.

మింగడం ఎలా జరుగుతుంది?

ధర్మవరం జంక్షన్ మీరంతా చూసినదే. ఒకే చోటికి వచ్చిన బండ్లు కొన్ని పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు వైపు, కొన్ని కదిరి వైపు వెళ్తాయి. పట్టాలు చీలే చోట సరైన సమయానికి దారి మార్చకపోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మన గొంతు కూడా అటువంటి జంక్షనే. నోటి నుండి వచ్చే ఆహారము, ముక్కు నుండి వచ్చే గాలి అక్కడ కలుస్తాయి. గాలి ముందున్న గొట్టంలోకి, అంటే ఊపిరితిత్తులకు పోవాలి. ఆహారం వెనుకనున్న గొట్టంలోకి, అంటే కడుపులోకి పోవాలి.

మీ గొంతు ముందున్న గట్టి భాగం మీద వేలు పెట్టి ఉమ్మి మింగి చూడండి. అది పైకి లేచి మళ్లీ కిందికి దిగుతుంది. ఆ ఒక్క సెకను కాలంలో ఊపిరి ఆగుతుంది, గాలి గొట్టం మూతపడుతుంది, నాలుక ఆహారాన్ని వెనక్కి తోస్తుంది, అన్ననాళం తెరచుకుంటుంది. ఆ తర్వాత ముద్ద సుమారు 25 సెంటీమీటర్ల అన్ననాళం గుండా కొన్ని సెకన్లలో కడుపు చేరుతుంది. ఇదంతా మెదడు ఆజ్ఞ ప్రకారం జరుగుతుంది. పక్షవాతంలో దెబ్బ తగిలేది ఆ మెదడుకే. అప్పుడు దారి మార్చవలసినవాడు ఆలస్యంగా మారుస్తాడు. మెతుకో నీటి చుక్కో గాలి గొట్టంలో పడుతుంది. పక్షవాతం వచ్చిన తొలి రోజుల్లో సుమారు సగంమందికి ఈ ఇబ్బంది ఉంటుంది. చాలామందికి కొన్ని వారాలలో తగ్గుతుంది. కొందరికి నెలల తరబడి ఉంటుంది.

నీళ్లు చాలా తేలిక, వాటిని ఎవరైనా మింగగలరు అనుకుంటాము. నిజం దానికి విరుద్ధంగా ఉంది. నీళ్లు వేగంగా జారిపోతాయి గనుక, ఆలస్యంగా మూతపడే గొంతుకు నీళ్లే అన్నిటికన్నా కష్టం. చిక్కగా ఉన్నది మెల్లగా జారుతుంది, గొంతుకు కొంత వ్యవధి ఇస్తుంది.

సంగటి మాట కూడా చెప్పాలి. మన వైపు సంగటిని నమలరు. ముద్ద చేసి పులుసులోనో పప్పులోనో అద్ది, గుటుక్కున మింగుతారు. అలా మింగడానికి గొంతులో మంచి బలం కావాలి. మీ మామగారు అరవై ఏళ్లుగా చేసిన పని అదే. ఇప్పుడు గొంతు బలహీనపడినా చెయ్యి పాత అలవాటు ప్రకారమే పెద్ద ముద్ద చేస్తుంది. మీరు తినిపించేటప్పుడు కూడా అంతే ముద్ద పెడుతూ ఉండవచ్చు. బహుశా పొరబోవడానికి అది ఒక కారణం.

ఈ గుర్తులు కనిపెట్టండి

తినేటప్పుడు గాని, తిన్న వెంటనే గాని దగ్గు రావడం. తిన్న తర్వాత గొంతులో నీళ్లున్నట్టు గురగురమని మాట రావడం. ముద్ద నోట్లో పెట్టుకుని ఎంతసేపటికీ మింగకపోవడం. చచ్చుపడిన వైపు బుగ్గలో మెతుకులు నిలిచిపోవడం. పెదవి పక్క నుండి చొల్లు కారడం. నీళ్లు ముక్కులో నుండి వెనక్కి రావడం. ఒక పూట భోజనానికి అరగంట దాటడం. మనిషి చిక్కిపోవడం. మూత్రం ముదురు రంగులో, తక్కువగా రావడం. మాటిమాటికి జ్వరం, కఫం, ఆయాసం రావడం.

వీటిలో రెండు మూడు ఉన్నా అనుమానించాలి. మా నాయన విషయంలో జరిగినట్టు, కొందరికి ఆహారం గాలి గొట్టంలో పడినా దగ్గు రాదు. కనుక దగ్గు లేదు గదా అని ధైర్యపడకండి. చెల్లీ, మీ మామగారికి రెండుసార్లు వచ్చిన జ్వరం గాలికి వచ్చిన జ్వరమని అనుకోవద్దు. డాక్టరు గారికి, "తినేటప్పుడు పొరబోతోంది, తర్వాత జ్వరం వస్తోంది" అని రెండూ కలిపి చెప్పండి. విడివిడిగా చెబితే జ్వరానికి మాత్రలు ఇచ్చి పంపవచ్చు.

ఎవరిని అడగాలి?

మొదట మీకు చికిత్స చేస్తున్న డాక్టరు గారిని "మింగడం పరీక్షించండి" అని అడగండి. హిందూపురం ప్రభుత్వ ఆసుపత్రి, ధర్మవరం ప్రభుత్వ ఆసుపత్రి, బత్తలపల్లి ఆర్.డి.టి. ఆసుపత్రి, అనంతపురం పెద్దాసుపత్రి మనకు అందుబాటులో ఉన్నాయి. మింగే కష్టానికి శిక్షణ ఇచ్చేవారిని స్పీచ్ థెరపిస్టులంటారు. మాట రానివారికి మాట నేర్పేవారే గదా, మింగడంతో వారికేమి పని అని అనుకోవద్దు. మాటకు, మింగడానికి వాడే నాలుక, పెదవులు, గొంతు ఒక్కటే. ఏ చిక్కదనంలో ఇవ్వాలి, తల ఎటు తిప్పి మింగాలి, నాలుకకు ఏ వ్యాయామం చేయాలి అనేది వారు మనిషిని చూచి చెబుతారు. మన దగ్గర దొరకకపోతే బెంగళూరు నిమ్‌హాన్స్‌లోను, రాయవేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిలోను ఈ వైద్యం ఉంది. హిందూపురం నుండి బెంగళూరుకు సుమారు 100 కిలోమీటర్లే.

తినిపించే పద్ధతి

వైద్యులు నోటితో తినవచ్చునని చెప్పిన తర్వాత ఈ పద్ధతి పాటించండి.

1. మగతగా ఉన్నప్పుడు, పడుకుని ఉన్నప్పుడు ఏమీ పెట్టవద్దు. పూర్తిగా మెలకువ ఉండాలి. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టాలి. కూర్చోలేకపోతే వీపు వెనుక దిండ్లు, పరుపు చుట్ట పెట్టి వీలైనంత నిటారుగా ఉంచాలి.

2. తల వెనక్కి వాల్చకూడదు. గడ్డం కొంచెం కిందికి ఉండాలి. మీరు నిలబడి తినిపిస్తే ఆయన పైకి చూడవలసి వస్తుంది, తల వెనక్కి పోతుంది. అందుచేత మీరు కూడా ఎదురుగా కూర్చుని తినిపించండి. గ్లాసు ఎత్తి నోట్లో పోయకూడదు.

3. టీ చెంచాతో అర చెంచా చొప్పున పెట్టండి. బాగున్న వైపు బుగ్గలో పెట్టండి. గొంతు పైకి లేచి దిగిందో లేదో చూడండి. ఇంకొకసారి ఉత్తిగా మింగమనండి. ఆ తర్వాతే రెండో చెంచా.

4. తినేటప్పుడు మాట్లాడించవద్దు. టీవీ, ఫోను ఆపివేయండి. "తొందరగా తిను" అనవద్దు. అలసిపోతే ఆపి, కొంత సేపటికి మళ్లీ పెట్టండి. మూడు పూటలు ఎక్కువగా పెట్టే బదులు ఆరు పూటలు కొద్దికొద్దిగా పెట్టడం మేలు.

5. దగ్గు వస్తే వెంటనే ఆపండి. ముందుకు వంచి దగ్గనివ్వండి. దగ్గు మధ్యలో నీళ్లు పోయకండి. దగ్గు పూర్తిగా తగ్గి, ఊపిరి నెమ్మదించే వరకు ఏమీ పెట్టవద్దు.

6. తిన్న తర్వాత నోరు తెరిపించి, బుగ్గలో మిగిలినది తీసివేయండి. రోజుకు రెండుసార్లు మెత్తని బ్రష్షుతోనో, తడి గుడ్డతోనో పళ్లు, నాలుక శుభ్రం చేయండి. ఇది చిన్న పనిగా కనబడుతుంది గాని ప్రాణం కాపాడే పని. నోట్లోని క్రిములే ఉమ్మితోపాటు ఊపిరితిత్తులలోకి దిగి నిమ్ము తెస్తాయి. కట్టుడు పళ్లు ఉంటే రాత్రి తీసి కడిగి పెట్టండి.

7. తిన్న తర్వాత కనీసం అరగంట కూర్చోబెట్టే ఉంచండి.

మాత్రలు మింగలేకపోతే మీ అంతట మీరు నలిపి ఇవ్వకండి. కొన్ని మాత్రలు నలపకూడదు. డాక్టరు గారిని అడిగితే వేరే రూపంలో ఇస్తారు.

మన వంటింట్లోనే ఆహారం ఉంది

ఖరీదైన డబ్బాల పొడులు కొనవలసిన అవసరం అందరికీ లేదు. సంగటి చేసే రాగిపిండే ఇక్కడ ఉపకరిస్తుంది. రెండు చెంచాల పిండిని చల్లని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్లలో పోసి, కలుపుతూ బాగా ఉడికించి, జల్లెడ పట్టండి. ఈ అంబలి చల్లారేకొద్దీ చిక్కబడుతుంది గనుక, తాగించే వేడికి వచ్చిన తర్వాతే చిక్కదనం చూసుకోవాలి.

చిక్కదనం కొలవడానికి ప్రపంచమంతటా వాడే ఒక సులువైన పరీక్ష ఉంది. సూది తీసివేసిన 10 మిల్లీలీటర్ల సిరంజి తీసుకోండి. కొన మూసి, 10 గీత వరకు పానీయం పోయండి. వేలు తీసి పది సెకన్లు లెక్కపెట్టి మళ్లీ మూయండి. అంతా కారిపోతే అది నీళ్లవంటిది. 1 నుండి 4 మిల్లీలీటర్లు మిగిలితే కొంచెం చిక్కన. 4 నుండి 8 మిగిలితే ఇంకా చిక్కన. 8 కన్నా ఎక్కువ మిగిలితే బాగా చిక్కన. మీ రోగికి ఏది తగునో థెరపిస్టు చెబితే, ఇంట్లో రోజూ అదే చిక్కదనం వచ్చేటట్టు ఈ సిరంజితో చూసుకోవచ్చు. అందరికీ చిక్కనివే మంచివని కాదు. మరీ చిక్కనైతే గొంతులోనే నిలిచిపోతుంది. చిక్కని పానీయాలు విసుగు పుట్టి తక్కువ తాగుతారు గనుక ఒంట్లో నీరు తగ్గకుండా కూడా చూడాలి.

మెత్తగా ఉడికించి మెదిపిన అన్నం పప్పు, గుజ్జుగా చేసిన గుమ్మడికాయ, అరటిపండు గుజ్జు, గడ్డ పెరుగు, మెత్తని పొంగలి, మెత్తగా మెదిపిన గుడ్డు మంచివి. చెంచా వంచితే ముద్దగా జారిపడాలి, అంటుకుపోకూడదు, నీళ్లుగా కారకూడదు. పప్పు, గుడ్డు, పెరుగు రోజూ ఉండేటట్టు చూడండి. కండ తగ్గితే గొంతు కండ కూడా తగ్గుతుంది. షుగరు ఉన్నవారికి ఎంత పెట్టాలో డాక్టరు గారిని అడగండి.

బొరుగులు, ఉగ్గాని, మిక్చరు, చెనిక్కాయలు, గుగ్గుళ్లు, ఓళిగలు, గట్టి సంగటి ముద్ద ఇప్పుడు వద్దు. పొడిపొడిగా రాలేవి, జిగటగా అంటుకునేవి ప్రమాదం. ముక్కలు తేలే చారు, నీళ్ల మజ్జిగలో కలిపిన అన్నం కూడా ప్రమాదమే. నీరు ముందు జారిపోతుంది, మెతుకు నోట్లో ఉంటుంది. ఒకేసారి రెండు రకాలను గొంతు సంబాళించుకోలేదు.

ముక్కు గొట్టమంటే భయం వద్దు

"ముక్కులో పైపు వేశారంటే ఇక ఆశ లేదు" అని మన పల్లెల్లో ఒక మాట ఉంది. చాలామంది ఆ భయంతో గొట్టం తీయించుకుని ఇంటికి తెచ్చుకుంటారు. అది తప్పు. గొంతు కోలుకునేంత వరకు ఆహారం, మందులు అందించడానికి అది తాత్కాలికమైన దారి. మింగడం వచ్చాక తీసివేస్తారు. ఎక్కువ వారాలు పట్టేటట్టుంటే పొట్ట మీద చిన్న రంధ్రం చేసి గొట్టం అమర్చుతారు. గొట్టం ద్వారా పోసేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉండాలి. మెల్లగా పోయాలి. తర్వాత గంట సేపు పడుకోబెట్టకూడదు. గొట్టం ఊడి వస్తే మీరు లోపలికి తోయకండి. అది ఊపిరితిత్తులలోకి పోవచ్చు. ఆసుపత్రికే తీసుకువెళ్లండి.

పక్షవాతం లేకుండా మింగుడు పడకపోతే

ముద్ద గొంతు దాటి రొమ్ములో నిలిచినట్టు అనిపించడం వేరు. మొదట గట్టి ముద్ద దిగదు, తర్వాత మెత్తని అన్నం దిగదు, చివరకు నీళ్లు కూడా దిగవు. వారాలు, నెలల్లో ఇలా పెరుగుతూ, మనిషి చిక్కుతూ ఉంటే అన్ననాళం క్యాన్సరు కావచ్చు. ఆకువక్క, పొగాకు, బీడీ, సారా అలవాటు ఉన్నవారు ఒక్క వారం కూడా ఆలస్యం చేయకండి. ఎండోస్కోపీ పరీక్ష చేయించండి. బెంగళూరు కిద్వాయి క్యాన్సరు ఆసుపత్రి మన వారికి తెలిసినదే. వక్క ఎక్కువగా నమిలేవారికి నోరు బిగుసుకుపోయి వేళ్లు పట్టకుండా పోయినా చూపించుకోవాలి.

మొదటి నుండే ముద్ద, నీళ్లు రెండూ దిగకపోతే అన్ననాళం చివర కండరం తెరుచుకోని జబ్బు కావచ్చు. దానికి వైద్యం ఉంది. రక్తం బాగా తక్కువైన స్త్రీలకు కూడా గొంతులో పొర ఏర్పడి ముద్ద అడ్డుపడుతుంది. కాబట్టి తల్లులారా, "నాకేమైందిలే" అని మీ కష్టాన్ని దాచుకోవద్దు.

పిల్లలున్న ఇంట

మనది చెనిక్కాయల సీమ. పంట ఇంటికి వచ్చే రోజుల్లో వాకిట్లో కుప్పల పక్కనే పసివారు ఆడుకుంటారు. చెనిక్కాయ పప్పు చిన్నపిల్లల గాలి గొట్టానికి సరిగ్గా అడ్డుపడేంత ఉంటుంది. అయిదేళ్లలోపు వారికి గింజలు ఇవ్వకండి. పొడి చేసి అన్నంలో కలిపి పెట్టండి. ఆడుకుంటున్న బిడ్డ ఒక్కసారిగా దగ్గి, తర్వాత మామూలుగా కనిపించినా, ఆ తర్వాత పిల్లికూతలు, తగ్గని దగ్గు ఉంటే "గింజ మింగి ఉండవచ్చు" అని డాక్టరు గారికి తప్పక చెప్పండి.

ఎవరికైనా అడ్డుపడి, దగ్గలేక, మాట రాక, గొంతు పట్టుకుంటే నెత్తిన తట్టకండి, నీళ్లు పోయకండి. ముందుకు వంచి, రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా కొట్టండి. రాకపోతే వెనుక నిలబడి, బొడ్డుకు పైన పిడికిలి పెట్టి, లోపలికి పైకి 5 సార్లు లాగండి. ఈ పద్ధతిని అమెరికాలో డాక్టర్ హైమ్లిక్ 1974లో తెలియజేశారు. రెండూ మార్చి మార్చి చేస్తూ, 108కి ఫోను చేయించండి. సంవత్సరంలోపు బిడ్డనైతే బోర్లా, తల కిందికి ఉండేటట్టు ముంజేతి మీద పడుకోబెట్టి వీపు మీద 5 సార్లు కొట్టి, తర్వాత వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో 5 సార్లు నొక్కాలి. పొట్ట నొక్కకూడదు. కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టకూడదు. గర్భవతికి కూడా పొట్ట మీద కాక రొమ్ము ఎముక మీదే నొక్కాలి.

దర్శించ వెళ్లేవారికి ఒక మాట

మన సంఘాలలో ఒకరు మంచాన పడితే ఇరవైమంది చూడటానికి వెళ్తాము. అది మంచి ఆచారమే. అయితే వెళ్లినవారు ఊరుకోరు. ఒకరు ఎలనీరు తెస్తారు, ఒకరు హార్లిక్సు కలుపుతారు, ఒకరు "నా చేతితో ఒక గుక్క" అని బలవంతంగా పోస్తారు. రోగి మొహమాటపడి మింగుతాడు. ఆ గుక్కే నిమ్ము కావచ్చు. ఏమి పెట్టాలో, ఎలా పెట్టాలో ఇంటివారిని అడగండి. ఎవరైనా నోరు వంకరపోయి, చెయ్యి పడిపోయి, మాట తడబడుతూ పడిపోతే కాఫీ, సోడా, నీళ్లు ఏదీ నోట్లో పోయకండి. గడ్డ కరిగించే మందు ఇవ్వాలంటే నాలుగున్నర గంటలలోపు తగిన ఆసుపత్రి చేరాలి. మూర్ఛ వచ్చినవారి నోట్లో కూడా ఏమీ పోయకూడదు.

ప్రభువు బల్ల విషయం కూడా కొందరు అడుగుతున్నారు. మింగలేని పెద్దలు పొడి రొట్టె అడ్డుపడుతుందని భయపడి, సంస్కారానికే రావడం మానేస్తున్నారు. అయ్యగారితో ముందుగా చెప్పండి. చిన్న తునకను నానబెట్టి ఇవ్వవచ్చు. అదీ కుదరకపోతే చెంచా కొనతో ఇవ్వవచ్చు. మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, నెమ్మదిగా ఇవ్వాలి. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

చెల్లీ, ఇక మీ మామగారి సంగతి. రేపే డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్లండి. అక్కడ చెప్పే వరకు నీళ్లు గ్లాసుతో పోయవద్దు, సంగటి ముద్ద పెట్టవద్దు. ఇంట్లోవారిని కోప్పడవద్దని చెప్పండి. తిండి దగ్గర ఏడ్చే పెద్దమనిషి కన్నా దీనమైన దృశ్యం లేదు. యాయీరు కుమార్తెను లేపిన తర్వాత మన ప్రభువు ఆ ఇంటివారికి చెప్పిన మాట ఆ బిడ్డకు తినడానికి ఏమైనా పెట్టమనే. కోలుకునేవారికి తిండి పెట్టడం కూడా సేవే. దానిని తెలిసి చేద్దాము. మా నాయన విషయంలో మాకు తెలియలేదు. మీకు ఇప్పుడు తెలిసింది.

మీ మామగారు ఎలా ఉన్నారో తప్పక వ్రాయండి.